మెట్ట మీద నల్లరేగడి: మల్బరీ వేసే ముందు నేల పేరు తెలుసుకుందాం



బరంపురం బడా బజార్, దాని చుట్టూ ఉన్న పాత వీధులు తెలిసినవారికి ఒక సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. అక్కడ పట్టు నేసే చేతుల్లో చాలా వరకు తెలుగు ఇళ్లవే. గంజాం 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రంలో చేరేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఫోడా కుంభ అంచు చీర, దానికి తోడు జోడా, ఈ ఊరికి పట్టు నగరం అనే పేరు తెచ్చాయి. వాటికి జీఐ గుర్తింపు కూడా ఉంది. కానీ ఆ మగ్గాల మీదికి వచ్చే నూలు ఎక్కువగా బెంగళూరు వైపు నుంచి వస్తుంది. మగ్గం ఇక్కడ, గూడు ఎక్కడో!

అందుకే గంజాం, ఇచ్ఛాపురం, సోంపేట వైపు రైతులు అడిగే ప్రశ్న ఒకటుంది. "మాకు మెట్ట మీద నల్లటి జిగట నేల ఉంది. వరి పండదు, నీరు నిలబెట్టలేం. మల్బరీ వేయొచ్చా?"

దీనికి అవును, కాదు అని ఒక్క మాటలో జవాబు లేదు. మల్బరీ ఒకసారి నాటితే పన్నెండు, పదిహేనేళ్లు అదే చోట ఉండే చెట్టు. వేరుశనగ అయితే ఈ ఏడు పోయినా వచ్చే ఏడు మార్చుకుంటాం. మల్బరీకి గుంతలు, మొక్కలు, డ్రిప్పు, షెడ్డు అన్నీ కలిపి పెట్టుబడి పెట్టాక మూడో ఏట చెట్లు ఒక్కొక్కటే ఎండిపోవడం మొదలైతే షెడ్డు ఖాళీగా నిలబడుతుంది, బ్యాంకు వాయిదా మాత్రం నిలబడదు. కాబట్టి నల్లరేగడి అంటే ఏమిటి, మీది నిజంగా నల్లరేగడేనా, అయితే ఏ రకం, అందులో మల్బరీ ఎలా బతుకుతుంది అనేది ఈ సంచికలో వరసగా చూద్దాం.

*మన మాటే పుస్తకాల్లోకి వెళ్లింది*

భూమి శాస్త్రం పుస్తకాల్లో మన దేశపు నల్ల నేలకు "రేగుర్" అని పేరు కనిపిస్తుంది. అది మన రేగడ, రేగడి అన్న తెలుగు మాట నుంచి వచ్చిందే. ఇలాంటి నేల మన దగ్గరే లేదు. మొరాకోలో దీన్ని "తిర్స్" అంటారు. ఆస్ట్రేలియాలో ఉంది, సూడాన్‌లో ఉంది. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో పెద్ద పట్టీగా ఉంది. ఆ పట్టీ పేరు బ్లాక్‌ల్యాండ్ ప్రేరీ. ప్రేరీ అంటే చెట్లు తక్కువగా, గడ్డి ఎక్కువగా ఉండే మైదానం. అక్కడి మెట్ట మీది నల్ల జిగట నేలకు 1902లోనే హ్యూస్టన్ బ్లాక్ అని పేరు పెట్టారు. అక్కడా పత్తే పండించారు, ఇక్కడా పత్తే. ఆ రైతులకీ మన రైతులకీ కష్టం కూడా ఒకటే: ఎండితే రాయి, తడిస్తే బంక.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం సరిచేసుకోవాలి. నలుపు చూసి "బాగా బలం ఉన్న నేల" అనుకుంటాం. చలి దేశాల ప్రేరీ నేలలు చాలా వాటిల్లో నలుపు గడ్డి వేర్లు కుళ్లి చేరిన సేంద్రియ పదార్థం వల్ల వస్తుంది. మన నల్లరేగడిలో సేంద్రియ కార్బనం చాలా చోట్ల అర శాతం దగ్గరే ఉంటుంది. ఉన్న ఆ కొద్ది పదార్థమూ బంక రేణువులకు గట్టిగా అంటుకుని పూత వేసినట్టు ఉండటం వల్ల మట్టి నల్లగా కనిపిస్తుంది. కాబట్టి రంగు చూసి పశువుల ఎరువు తగ్గించొద్దు.

*ఎందుకు ఉబ్బుతుంది, ఎందుకు పగులుతుంది*

మట్టిలో మూడు సైజుల రేణువులు ఉంటాయి. ఇసుక చేతికి గరగరలాడుతుంది. ఒండ్రు పిండిలా ఉంటుంది. బంక రేణువు మిల్లీమీటరులో ఐదువందలో వంతు కంటే చిన్నది, కంటికి కనిపించదు. మన ఎర్ర నేలలోనూ బంక ఉంటుంది. తేడా బంక జాతిలో ఉంది.

ఎర్ర నేలల బంకలో ఎక్కువ భాగం కయోలినైట్ లాంటి, నీటికి పెద్దగా ఉబ్బని జాతి. నల్లరేగడి బంక స్మెక్టైట్ అనే జాతి. దీని రేణువు పుస్తకం పేజీల్లా పలచని పొరలతో ఉంటుంది. తడిస్తే నీరు ఆ పేజీల మధ్యలోకి దూరి పుస్తకం ఉబ్బుతుంది. ఎండితే నీరు బయటికి పోయి పేజీలు దగ్గరవుతాయి. ఎకరం మొత్తం ఇలా ఒకేసారి దగ్గరైతే ఎక్కడో ఒకచోట నేల విడిపోవాలి కదా. అవే వేసవిలో కనిపించే బీటలు.

ఈ పేజీల మధ్యే పోషకాలు కూడా పట్టుకుని ఉంటాయి. కాల్షియం, మెగ్నీషియం, పొటాష్‌లను పట్టి ఉంచే శక్తి ఎర్ర చెల్క కంటే నల్లరేగడికి ఎన్నో రెట్లు ఎక్కువ. నీటి నిల్వ కూడా అంతే. లోతైన నల్లరేగడి ఒక మీటరు లోతులో సుమారు 150 నుంచి 200 మిల్లీమీటర్ల వాన నీటిని మొక్కకు అందేలా దాచుకోగలదు. మంచి వానలు నాలుగైదు పడ్డంత నీరు అది. వాన ఆగిన నెల తర్వాత కూడా నల్లరేగడిలో మల్బరీ ఆకు పచ్చగా ఉండటానికి కారణం ఇదే.

కానీ ఇచ్చే చెయ్యే పట్టుకునే చెయ్యి. నీటిని గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి చివరి నీటిని మొక్కకు వదలదు. ఎర్ర నేలలో చేతికి పొడిగా అనిపించినప్పుడు మొక్క వాడుతుంది. నల్లరేగడిలో చేతికి కాస్త తేమ తగులుతుండగానే మొక్క వాడొచ్చు.

నీరు లోపలికి దిగే తీరు కూడా వేరు. వేసవి తర్వాత తొలకరి వాన పడితే నీరు బీటల గుండా గటగటా దిగిపోతుంది. రెండు మూడు వానల తర్వాత నేల ఉబ్బి బీటలు మూసుకుంటే గంటకు ఒక మిల్లీమీటరు కూడా దిగని పరిస్థితి వస్తుంది. అప్పటి నుంచి పడ్డ వాన పడ్డట్టే పైన నిలుస్తుంది లేదా మట్టిని కోసుకుపోతుంది. మల్బరీ రైతుకు అసలు పరీక్ష అక్కడే.

*గంజాంలో ఈ నేల ఎక్కడ వస్తుంది*

మహారాష్ట్రలో, తెలంగాణ పడమటి భాగంలో నల్లరేగడి బసాల్ట్ రాయి నుంచి వచ్చి మైళ్ల కొద్దీ పరుచుకుని ఉంటుంది. గంజాం అలా కాదు. ఇది తూర్పు కనుమల దేశం. రాయి వేరు: ఖోండలైటు, చార్నోకైటు. జిల్లాలో ఎక్కువ భాగం ఎర్ర నేల, ఎర్ర ఇసుక నేల, కంకర నేల. రుషికుల్య నది పొడవునా ఒండ్రు. సముద్రం దగ్గర ఇసుక, ఉప్పు నేల. వీటి మధ్య నల్ల నేల తునకలు తునకలుగా వస్తుంది. ఒడిశా మొత్తం మీద నల్ల నేలలు సుమారు 9.6 లక్షల హెక్టార్లు ఉన్నాయని లెక్క. పూరీ, గంజాం, మల్కన్‌గిరి, కలహండి, బొలంగీర్, సంబల్‌పూర్, అంగుల్ లాంటి జిల్లాల్లో ఇవి విడివిడిగా ఉన్నాయి.

సాధారణంగా వాలు పైన ఎర్ర నేల, కింద పల్లంలో నల్ల నేల ఉంటుంది. పై నుంచి కొట్టుకొచ్చిన సున్నం, మెగ్నీషియం, సన్న బంక కింద చేరి, నీరు నిలిచిన చోట స్మెక్టైటుగా మారుతుంది. అందుకే నల్లది అనగానే పల్లం అనుకుంటాం. సున్నం ఎక్కువగా ఉండే నల్లరాయి అడుగున ఉంటే మాత్రం మెట్ట మీద కూడా నల్ల జిగట నేల తయారవుతుంది. ఈ రెండింటికీ మల్బరీ విషయంలో చాలా తేడా ఉంది. మెట్ట మీద నల్లరేగడికి వాలు ఉంటుంది, అదనపు నీటిని బయటికి పంపే దారి ఉంటుంది. పల్లంలోని నల్లరేగడికి పక్కవాళ్ల నీరు కూడా వచ్చి చేరుతుంది. కాబట్టి రంగు కంటే ముందు చూడాల్సింది నేల ఎక్కడ కూర్చుందో.

ఒక పొలంలోనే పై సగం ఎర్రగా, కింది సగం నల్లగా ఉండటం మన వైపు మామూలే. పటాన్‌చెరులో 1972లో మొదలైన ఇక్రిశాట్ కేంద్రంలో కూడా ఎర్ర నేల, నల్ల నేల పక్కపక్కనే ఉన్నాయి. అలాంటి పొలం ఉన్నవాళ్లు రెండు భాగాలకూ ఒకే నీటి షెడ్యూలు, ఒకే రకం మొక్క పెట్టొద్దు. రెండు తోటలనుకుని చూసుకోవాలి.

*నేలకు పేరు ఎలా పెడతారు*

ప్రపంచంలో ఎక్కువగా వాడే అమెరికా వర్గీకరణలో నేలలన్నీ 12 పెద్ద జాతులు. నల్లరేగడి జాతి పేరు వర్టిసాల్. లాటిన్‌లో "తిరగేయడం" అన్న మాట నుంచి వచ్చింది. పై మట్టి పొడిగా రాలి బీటల్లో పడుతుంది, వానకు కింది మట్టి ఉబ్బి పైకి తోస్తుంది. ఏటా ఇలా తనను తానే దున్నుకునే నేల అని ఆ పేరు.

నల్లగా ఉంటే చాలదు. వర్టిసాల్ అనాలంటే మూడు లక్షణాలు కలిసి ఉండాలి.

1. పై నుంచి అడుగున్నర దాటేదాకా, అంటే 50 సెంటీమీటర్ల వరకు, మట్టిలో బంక కనీసం 30 శాతం ఉండాలి.
2. ఏటా తెరుచుకుని మూసుకునే బీటలు ఉండాలి.
3. ఒక మీటరు లోపల నున్నగా రాసుకున్న పలకలు గానీ, చీలిక ఆకారపు మట్టి గడ్డలు గానీ కనిపించాలి.

ఈ మూడూ పూర్తిగా లేక, బీటలు మాత్రం వచ్చే నేలలు చాలా ఉన్నాయి. వాటికి వేరే జాతి పేరు పెట్టి ముందు "వర్టిక్" అని తగిలిస్తారు. నల్లరేగడి గుణం కొంత ఉందని దాని అర్థం. మన మెట్టల మీద లోతు తక్కువ ఉన్న నల్ల నేలలు ఎక్కువగా ఈ కోవలోకే వస్తాయి.

భూసార నివేదికలోనో, ప్రాజెక్టు కాగితంలోనో "టిపిక్ హాప్లస్టర్ట్స్" అని రాసి ఉంటే భయపడొద్దు. వెనక నుంచి చదవండి. చివర "ఎర్ట్" అంటే వర్టిసాల్. దాని ముందు "ఉస్ట్" అంటే కొన్నాళ్లు తడి, కొన్నాళ్లు ఎండ ఉండే రుతుపవన వాతావరణం. "హాప్ల్" అంటే ప్రత్యేకత ఏమీ లేని సాదా రకం. "టిపిక్" అంటే ఆ రకానికి నమూనా. అదే చోట "సోడిక్" అని ఉంటే మాత్రం ఆగి ఆలోచించాలి. అడుగున సోడియం ఉందని అర్థం, చౌడు వైపు వెళ్లే నేల అది. టెక్సాస్ హ్యూస్టన్ బ్లాక్ పేరు "ఉడిక్ హాప్లస్టర్ట్స్", అంటే మన సాదా రకం కంటే కాస్త ఎక్కువ తేమ ఉండేది. పేరులోని ఒక్క ముక్కే మీ నీటి ఖర్చు ఎంతో చెబుతుంది.

*వేసవిలో ఒక గొయ్యి తవ్వండి*

పై నుంచి దోసెడు మట్టి తీసి పరీక్షకు పంపితే అది వరికి, మిరపకు సరిపోతుంది. పదిహేనేళ్లు ఉండే చెట్టుకు సరిపోదు. ఏప్రిల్, మే నెలల్లో బీటలు బాగా తెరుచుకున్నప్పుడు, పొలం మధ్యలో, గట్టుకీ పుట్టకీ దూరంగా, నాలుగు అడుగుల లోతు గొయ్యి తవ్వండి. ఎండ పడే వైపు గోడను కత్తితో చెక్కి పై నుంచి కిందికి చూడండి.

పైన ఒక జానెడు: ఎండిన నల్లరేగడిలో గవ్వల్లా, శనగల్లా పొడి పలుకులుగా రాలాలి. అలా రాలితే మంచి గుణం. రాలకుండా పెద్ద పెంకులుగా, పలకలుగా లేస్తే సేంద్రియ పదార్థం తక్కువ, లేదా సోడియం ఉందని అనుమానించాలి.

అడుగు నుంచి రెండడుగులు: బీటల వెడల్పు ఇక్కడ కొలవండి. అడుగున్నర లోతులో కూడా వేలు దూరేంత బీట ఉంటే అది అసలైన నల్లరేగడి. పై అరడుగులోనే బీట ఆగిపోతే అది వర్టిక్ రకం.

రెండు నుంచి మూడున్నర అడుగులు: మట్టి గడ్డను చేత్తో విడదీయండి. ఏటవాలుగా, గచ్చు తోమినట్టు మెరిసే ముఖాలు, వాటి మీద సన్న గీతలు కనిపిస్తాయి. ఉబ్బిన మట్టి ముద్దలు ఒకదాన్నొకటి రాసుకుని నున్నబడిన చోటు అది. సన్న వేళ్లను తెంపే చోటు కూడా అదే.

ఇంకా కింద: తెల్లటి సున్నపు గులకలు, పొడి మచ్చలు వస్తాయి. రెండడుగుల లోపే ఇవి దట్టంగా ఉంటే మల్బరీకి ఇనుము, జింకు దొరకడం కష్టం. నాలుగడుగుల దగ్గర ఇంకా ఏమీ లేకపోతే మీకు లోతైన మంచి నేల ఉన్నట్టే. రెండడుగులకే రాయి తగిలితే నీటి నిల్వ సగానికి పడిపోతుందని లెక్క వేసుకోండి.

గొయ్యి గోడ నుంచి మూడు లోతుల్లో మట్టి తీసి వేరువేరు సంచుల్లో కట్టండి: అడుగు లోపు, రెండో అడుగు, మూడో అడుగు. పొలం, లోతు రాసి భూసార కేంద్రానికి ఇవ్వండి. పీహెచ్, లవణాలు, సేంద్రియ కార్బనం, భాస్వరం, పొటాష్, జింకు, ఇనుము అడగండి. అడుగు మట్టికి సోడియం కూడా అడగండి. ఇందులో ఏదీ మీ 2015 నాటి సాయిల్ హెల్త్ కార్డులో లోతుల వారీగా ఉండదు, ఆ పథకం నమూనా తీసేది పై మట్టి నుంచే.

*ఇంట్లోనే చేసే మూడు పరీక్షలు*

నివేదిక వచ్చేలోపు వీటిని చేసి చూడండి. ఖర్చు లేదు.

నాడా పరీక్ష: పిడికెడు మట్టిని పిండి కలిపినట్టు నీటితో కలపండి. బొటనవేలుతో చూపుడువేలి మీదుగా తోస్తూ నాడాలా సాగదీయండి. అంగుళం లోపే తెగితే గరప నేల. రెండంగుళాలు తెగకుండా వస్తే గట్టి బంక నేల.

కడ్డీ పరీక్ష: అదే మట్టిని జల్లెడ పట్టి, నీటితో మెత్తటి ముద్దలా కలిపి ఒక రాత్రి ఉంచండి. ముక్కు కోసేసిన ప్లాస్టిక్ సిరంజిలో నింపి 10 సెంటీమీటర్ల కడ్డీలు మూడు పలక మీద వత్తండి. వెంటనే పొడవు కొలిచి, రెండు రోజులు నీడలో ఆరబెట్టి మళ్లీ కొలవండి. తగ్గిన పొడవును ఎండిన పొడవుతో భాగించండి. 10 సెంటీమీటర్లది 9.7 అయితే 0.03, ఉబ్బడం తక్కువ. 9.4 అయితే 0.06 దాటింది, ఎక్కువ. 9.1 అయితే 0.1 దగ్గర, చాలా ఎక్కువ. 0.09 దాటిన నేలలో షెడ్డు పునాది గురించి కూడా మేస్త్రీతో ముందే మాట్లాడుకోవాలి. మామూలు పునాది మీద కట్టిన షెడ్డు గోడలు రెండేళ్లలో నెర్రెలిస్తాయి. నెర్రెల్లో రోగ క్రిములు దాక్కుంటే సున్నం, బ్లీచింగ్ ఎంత చల్లినా శుద్ధి కాదు.

గ్లాసు పరీక్ష: ఎండిన మట్టి బెడ్డ శనగగింజంత తీసుకుని గాజు గ్లాసులో పట్టిన వాన నీటిలో మెల్లగా వదలండి. కదపొద్దు. బెడ్డ విరిగి పొడైనా నీరు తేటగా ఉంటే భయం లేదు. బెడ్డ చుట్టూ పాల మబ్బులా కమ్ముకుంటే సోడియం ఉందని గుర్తు. రెండో, మూడో అడుగు మట్టితో కూడా చేయండి. పైన బాగుండి కింద మబ్బు కమ్మే నేలలు నల్లరేగడిలో ఎక్కువ. బోరు నీళ్లతో చేస్తే ఫలితం తప్పు వస్తుంది, వాన నీరే వాడాలి.

*మల్బరీకి ఈ నేలలో ఏం జరుగుతుంది*

మల్బరీకి హాయిగా ఉండే పీహెచ్ 6.2 నుంచి 6.8. నల్లరేగడి మామూలుగా 7.5 నుంచి 8.5. అంటే మొదటి రోజు నుంచే కొంత ఎదురీత. పీహెచ్ 8.4 వరకు కారణం సున్నం. దీనికి జిప్సం వేసినా పెద్దగా లాభం లేదు. పశువుల ఎరువు, పచ్చిరొట్ట, అవసరమైతే గంధకం దీనికి మందు. పీహెచ్ 8.5 దాటి, గ్లాసులో మబ్బు కూడా కమ్మితే కారణం సోడియం. దానికే జిప్సం. ఎంత వేయాలో నివేదిక చూసి భూసార కేంద్రం వారే చెప్పాలి. జిప్సం వేసి, మంచి నీరు పెట్టి, ఆ నీటిని కాలవలో బయటికి పంపితేనే సోడియం పోతుంది. కాలవ లేకుండా జిప్సం వేస్తే డబ్బు పోతుంది.

లేత ఆకు ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపు తిరిగితే ఇనుము లోటు. ఆకు చిన్నదై, కణుపులు దగ్గరగా వస్తే జింకు లోటు అనుమానించాలి. భాస్వరం ఈ నేలలో సున్నంతో కలిసి గడ్డకట్టుకుపోతుంది. చల్లేసి వదలకుండా పశువుల ఎరువుతో కలిపి చెట్టు వరస పక్కన గాడి తీసి వేయండి. సూక్ష్మపోషకాలు పిచికారీ చేసే ముందు గుర్తుంచుకోండి, ఇది పురుగుకు వేసే ఆకు. కొమ్మ కోసి మళ్లీ చిగురేసిన లేత దశలోనే కొట్టాలి. ఆకు కోతకు చాలినన్ని రోజులు ముందే ఆపాలి.

పురుగు సంగతికి వస్తే, నల్లరేగడి ఆకులో వేసవిలో కూడా తేమ నిలుస్తుంది. చాకీ పురుగులకు ఇది వరం. ఎర్ర చెల్కలో రెండు రోజులు కరెంటు లేకపోతే ఆకు గరుకెక్కుతుంది. నల్లరేగడి వారం ఓపిక పడుతుంది. అదే ఆకు ముసురు రోజుల్లో నీరెక్కి, బురద చిందులతో ఉంటుంది. నాలుగో జ్వరం దాటిన పురుగులకు అలాంటి ఆకు వేస్తే పడక తడిసి ఫ్లాచరీ, పాలరోగం పెరుగుతాయి. కింది ఆకు వదిలి పై కొమ్మ కోయడం, కోసిన కొమ్మను నీడలో ఆరబెట్టి వేయడం, పడక మీద పొడి సున్నం చల్లడం నల్లరేగడి రైతుకు వానాకాలంలో తప్పదు.

వేరుకుళ్లు ఇంకో భయం. నీరు నిలిచిన చోట వేరుకు గాలి అందదు. ఎండకి బీటలు తెగి వేరుకు గాయం, తర్వాత నీరు నిలిచి ఊపిరాడకపోవడం, అప్పుడు బూజు దాడి. మరో వైపు ఒక మేలు కూడా ఉంది. వేరుముడి నులిపురుగు ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర నేలల్లో బాగా పెరుగుతుంది, గట్టి బంక నేలలో దాని జోరు తక్కువ.

*వేసేటట్లయితే ఇలా*

వానకు ఒక లెక్క: అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది. గంజాంలో 1,200 నుంచి 1,300. హిందూపురం రైతుకు నీరు తేవడం సమస్య. మన రైతుకు నల్లరేగడిలో నీరు పంపడం సమస్య. పైగా మనకు అక్టోబరు ఉంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర. అప్పటికే నాలుగు నెలల వానతో ఉబ్బి మూసుకుపోయిన నల్లరేగడి మీద అంత వాన పడితే ఏమవుతుందో ఊహించండి. అక్టోబరును దృష్టిలో పెట్టుకుని తోట వేయాలి.

ఇక్రిశాట్ వాళ్లు 1970ల నుంచే పటాన్‌చెరు నల్లరేగడిలో వెడల్పు మడి, బోదె పద్ధతి నడిపారు. మీటరు వెడల్పు మడి, అర మీటరు కాలవ, వాలు నూటికి 0.4 నుంచి 0.8. మల్బరీకి దీన్ని జంట సాళ్ల పద్ధతితో కలపొచ్చు. మూడడుగుల దూరంలో రెండు సాళ్లు ఎత్తు మడి మీద, తర్వాత ఐదడుగుల ఖాళీ, ఆ ఖాళీ మధ్యలో కాలవ. సాలులో మొక్కకు మొక్కకు రెండడుగులు. కాలవకు వంద అడుగులకు ఐదు నుంచి పది అంగుళాల వాలు చాలు, అంతకు మించితే మట్టి కోసుకుపోతుంది. కాలవలన్నీ గడ్డి పెరిగిన ఒక పెద్ద కాలవలో కలవాలి. ఆ కాలవ పక్క పొలంలో కాకుండా వాగులోనో చెరువులోనో కలవాలి.

రకం: నీటి వసతి ఉంటే మైసూరు కేంద్ర పట్టు పరిశోధన సంస్థ వారి వి-1 ఉంది. వర్షాధారంగా నల్లరేగడికి అదే సంస్థ ఎస్‌-34 సిఫార్సు చేసింది, ఎస్‌-13 వర్షాధార ఎర్ర గరప నేలలకు. ఇద్దరి పేర్లూ దగ్గరగా ఉంటాయి, నర్సరీలో అడిగి తీసుకోండి. తూర్పు రాష్ట్రాలకు నీటి వసతి కింద ఎస్‌-1635 ఉంది. ఇది పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లాలోని బర్హంపూర్ సంస్థ నుంచి వచ్చింది. ఆ ఊరూ మన బరంపురమూ ఒకటనుకుని కాగితాలు తారుమారు కావడం కద్దు, చిరునామా చూసుకోండి.

మొక్క: పుల్లలు నేరుగా గుచ్చొద్దు. మూడు, నాలుగు నెలల నర్సరీ మొక్కలే నాటండి. మొదటి ఏడాది బీటలు వేరును తెంపకుండా మొదళ్ల చుట్టూ ఎండాకు, చెత్త, చెరకు ఆకు కప్పండి.

నీరు: ఎర్ర నేలలో 8 నుంచి 10 రోజులకోసారి పెట్టేవాళ్లు నల్లరేగడిలో 15 రోజుల వరకు ఆగొచ్చు. బీటలు కనబడేదాకా మాత్రం ఆగొద్దు. బీట తెరుచుకున్నాక పెట్టిన నీరు వేరు దాటి అడుక్కి పోతుంది.

ఎరువు: వి-1కి నీటి కింద ఎకరానికి ఏడాదికి 8 టన్నుల పశువుల ఎరువు, నత్రజని 140, భాస్వరం 56, పొటాష్ 56 కిలోలు ఐదు కోతలకు పంచి వేయాలన్నది సిఫార్సు. నల్లరేగడిలో పొటాష్ ఎక్కువగా ఉండొచ్చు, నివేదిక చూసి తగ్గించండి. సాళ్ల మధ్య జనుము, జీలుగ చల్లి పూతకు ముందే కలియదున్నండి. పశువుల ఎరువులో ట్రైకోడెర్మా మాగబెట్టి వేస్తే వేరుకుళ్లుకు ముందు జాగ్రత్త.

దుక్కి: ఇందులో అదును, పదును అన్న మాటకి నల్లరేగడిలో ఉన్నంత విలువ ఇంకెక్కడా లేదు. వాన వెలిశాక రెండు మూడు రోజుల కిటికీ మాత్రమే ఉంటుంది. మట్టిని పిడికిట్లో ఉండ చేసి నడుము ఎత్తు నుంచి వదలండి. పగిలి పొడైతే గుంటక తోలండి. ముద్దగా అతుక్కుంటే ట్రాక్టరు తోలొద్దు. తడిలో తోలిన టైరు దారి అడుగున పెంకు కడుతుంది, ఆ పెంకు పోవడానికి ఏళ్లు పడుతుంది.

*వద్దనుకోవాల్సిన నేల*

మొహమాటం లేకుండా చెప్పాలి. పల్లంలో ఉండి నీరు పోయే దారి లేని నల్ల నేల, రెండో అడుగులోనే గ్లాసు మబ్బెక్కే నేల, రెండడుగుల లోపే రాయి గానీ దట్టమైన సున్నపు పొర గానీ తగిలే నేల, బోరు నీరే ఉప్పగా ఉన్న నేల: ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి ఉన్నా పెద్ద ఎత్తున మల్బరీ పెట్టొద్దు.  మల్బరీకి ఇంకో చెక్క చూసుకోండి. సబ్సిడీ ఉంది కదా అని నేల మారదు.

నాలుగూ లేని మెట్ట నల్లరేగడి మీకుంటే అది మంచి చేతిలో పడిన నేలే. మొదటి ఏడు అర ఎకరంతో మొదలుపెట్టండి. ఒక అక్టోబరు దాటనివ్వండి. డిసెంబరులో ఎన్ని మొక్కలు చనిపోయాయో, ఏ మూల చనిపోయాయో గుర్తు పెట్టుకోండి. ఆ మూలే మీ కాలవ ఎక్కడ పెట్టాలో చెబుతుంది. తర్వాత మిగతా ఎకరాలు వేసుకోవచ్చు.

ఈ నెల చేయాల్సింది మూడే పనులు: గొయ్యి తవ్వడం, మూడు సంచుల మట్టి పంపడం, కడ్డీ, గ్లాసు పరీక్షలు చేసి కాగితం మీద రాసుకోవడం. గొయ్యి గోడ ఫొటో తీసేటప్పుడు పక్కన అడుగుల టేపు పెట్టి తీయండి, గ్రూపులో పెడితే లోతు అందరికీ అర్థమవుతుంది. పని అయ్యాక గొయ్యి పూడ్చడం మర్చిపోవద్దు, పశువులు పడతాయి.